ఇంటర్ ఫిజిక్స్ గ్రూపులో పిల్లల చేత మాట్లాడించడం ఎలా?

జేఎల్ ఫిజిక్స్:
గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో జూనియర్ లెక్చరర్ని (జేఎల్), ఫిజిక్స్ చెబుతాను. క్లాసులో నోరు విప్పని పిల్లలు ఫోన్లోనైనా అడుగుతారని ఎంపీసీ ఫస్టియర్‌కి వాట్సాప్ గ్రూపు పెట్టాను. ఊహూఁ. రాత్రి ఒక లెక్క పెడితే, ఎప్పుడూ ఫస్టొచ్చే అబ్బాయి క్షణాల్లో సూత్రం రాసి జవాబు పెట్టేస్తాడు. మిగతావాళ్లు ఒక బొటనవేలు, ఒక "థాంక్యూ మేడమ్". కథ కంచికి. అదే లెక్క అంకెలు మార్చి స్లిప్ టెస్టులో ఇస్తే తెల్లమొహాలు వేస్తారు. ఎవరైనా ఇలాంటి గ్రూపులో నిజంగా చర్చ జరిపించారా?

రిటైర్డ్ లెక్చరర్:
లెక్క పెడితే అంతేనమ్మా. దానికి జవాబే ఉంటుంది, వాదన ఉండదు. అంకెలతో పనిలేని ప్రశ్న వెయ్యండి. నేను మొదట వేసేది ఇది: బంతిని నిట్టనిలువుగా పైకి విసిరాం. బాగా పైకెళ్లి ఆగిన క్షణంలో దాని త్వరణం ఎంత? చాలామంది సున్నా అంటారు. ఓసారి ఒకమ్మాయి "ఆగినదానికి త్వరణమేంటి సార్" అని వాయిస్ పెట్టింది. నేను పలకలేదు. కాసేపటికి వెనక బెంచీ కుర్రాడొకడు, "ఆగింది సరే, త్వరణం కూడా లేకపోతే కిందికెందుకొస్తుంది? అక్కడే వేలాడాలిగా" అన్నాడు. ఇక చూస్కోండి గోల! వేగం సున్నా కావడం వేరు, వేగం మారకుండా ఉండటం వేరు అన్నది వాళ్లలో వాళ్లే తేల్చుకున్నారు.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1990లలో క్లాసులో చేసిందీ ఇదే. ముందు ఎవరికి వారు జవాబివ్వాలి, తర్వాత పక్కవాళ్లతో వాదించాలి, మళ్లీ జవాబివ్వాలి. మొదటిసారి సుమారు 30 నుంచి 70 శాతం మంది సరిగ్గా చెబితేనే చర్చ. మరీ తక్కువైతే పాఠం మళ్లీ చెప్పాల్సిందే, వాదించడానికి సరుకుండదు.

డిగ్రీ మేడమ్:
వాట్సాప్ పోల్‌లో ఎవరు దేనికి ఓటేశారో అందరికీ కనిపిస్తుంది. ఆ ఫస్టొచ్చే అబ్బాయి ఎటైతే గ్రూపంతా అటే. నేను టెలిగ్రామ్‌కి మారాను. అక్కడ పేర్లు కనబడకుండా పోల్ పెట్టొచ్చు, ఫోన్ నంబరూ దాచుకోవచ్చు. ఆడపిల్లల అమ్మానాన్నలు ముందు అడిగేది దాని గురించే. క్విజ్ మోడ్ మాత్రం వద్దు, ఓటెయ్యగానే సరైన జవాబు చూపించేస్తుంది.

సెకండియర్ కుర్రాడు:
మేడమ్, మా ఇంట్లో ఫోన్ నాన్నది. ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి జవాబు వచ్చేసి ఉండేది, ఇంక నేనేం రాస్తాను? జవాబు మర్నాడు క్లాసులో చెప్పండి. ఇంకోటి, ఫోన్లో వర్గాలు, వర్గమూలాలు టైప్ చెయ్యడం నరకం. నోట్స్ ఫోటో తీసి పెట్టినా ఒప్పుకోండి.

జేఎల్ ఫిజిక్స్:
మంచి మాట చెప్పావు నాన్నా, అలాగే చేస్తా. మాస్టారూ, న్యూటన్ మూడో నియమం (చర్యకు సమానమైన ప్రతిచర్య) మొన్ననే అయింది. లారీ, ఆటో ఎదురెదురుగా గుద్దుకుంటే ఏది ఎక్కువ బలం ప్రయోగిస్తుంది అని ఈ రాత్రికి వేస్తున్నా. మరి ఆ ఫస్టొచ్చే అబ్బాయిని ఏం చెయ్యను?

రిటైర్డ్ లెక్చరర్:
వాడికి విడిగా మెసేజ్ పెట్టండి: జవాబు చెప్పకూడదు, అవతలివాళ్లని ప్రశ్నలే అడగాలి అని. తెలివైనవాడు, ఎగిరి గంతేస్తాడు. "నుజ్జయ్యేది ఆటోనే కదా" అని ఎవరో ఒకరు అనకపోరు. రెండిటి మీదా బలం సమానమే, ఆటో ద్రవ్యరాశి తక్కువ కాబట్టి దాని త్వరణం ఎక్కువ అన్న మాట పిల్లల నోటే రావాలి. రాకపోతే న్యూటన్ రెండో నియమం (బలం = ద్రవ్యరాశి × త్వరణం) ఒకసారి చూడమనండి, అంతకుమించి చెప్పకండి.