తాత గొంగడిని కోసి జాకెట్ కుట్టించుకోవాలా, అలాగే భుజాన వేసుకోవాలా?

నల్లగొంగడి (జనగామ, ఇప్పుడు హైదరాబాద్)

అందరికీ నమస్తే. నా దగ్గర మా తాత గొంగడి ఉంది. దాన్ని కోసి జాకెట్ కుట్టించుకోవాలని రెండు నెలలుగా అనుకుంటున్నాను. ఇక్కడ ఒక టైలర్‌కి చూపిస్తే కుడతానన్నాడు. మా అమ్మ మాత్రం ఒప్పుకోవడం లేదు. "కత్తెర పెడితే దాని పాణం పోతది బిడ్డా" అంటోంది. తెలిసినవాళ్ళు ఉంటారని ఇక్కడ అడుగుతున్నాను. మొదటి నుంచి చెప్తే తప్ప అర్థం కాదు, కాస్త ఓపికతో చదవండి.

మేం కురుమలం. తాత గొర్లు కాసేవాడు. సొంత మంద ఉన్నిని నానమ్మ వడికితే, పక్క ఊరి నేతగాడు గుంట మగ్గం మీద నేసిచ్చిన గొంగడి ఇది. రంగు వేయలేదు, ఆ నలుపు గొర్రెదే. వాన పడితే తాత దాన్నే మడిచి తల మీదుగా కొప్పెర పెట్టుకుని మంద వెనక నడిచేవాడు. రాత్రికి అదే పరుపు, అదే దుప్పటి. ఇంటికి పెద్దమనుషులు వస్తే పరిచేది కూడా దాన్నే. "ఎక్కడ వేసిన గొంగడి అక్కడే" అని ఆఫీసు మీటింగుల్లో ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది. మా తాత గొంగడి ఒక్కచోట ఉన్నది లేదు. ఎండాకాలం మేత కోసం గోదావరి దాకా పోయి వచ్చింది.

ఏడో తరగతిలో నన్ను హాస్టల్‌లో వేశారు. చలికాలమని అమ్మ ఒక చిన్న గొంగడి ఇచ్చి పంపింది. మొదటి రాత్రే పక్క మంచాల పిల్లలు గొర్రె వాసన అని ముక్కులు మూసుకున్నారు. దాన్ని ట్రంకుపెట్టె అడుగున పెట్టేసి, సంక్రాంతి సెలవుల దాకా పలచటి దుప్పటిలో వణుకుతూ పడుకున్నాను. మళ్ళీ దాన్ని ముట్టలేదు. నన్ను చూస్తే మాది ఏ ఊరో, మా వాళ్ళు ఏం చేస్తారో ఎవరికీ తెలియకూడదు అనుకునేవాణ్ణి.

ఇంజనీరింగ్‌కి హైదరాబాద్ వచ్చాక రూమ్మేట్ దగ్గర మెటల్ పాటలు విన్నాను. మొదటిసారి వింటే గోల అనిపించింది. నాలుగోసారి వినేటప్పటికి ఆ డ్రమ్ముల కింద ఏదో నాకు బాగా తెలిసినది ఉన్నట్టు అనిపించింది. ఏమిటో అప్పుడు తెలియలేదు. కోఠి ఫుట్‌పాత్ మీద బ్యాండ్ పేర్లున్న నల్ల టీషర్టులు కొన్నాను. చొక్కాలు, ప్యాంట్లు, బూట్లు అన్నీ నలుపే. జుట్టు భుజాల దాకా పెంచాను. ఊరికి వెళ్తే అమ్మ "మాల వేసుకున్నవా?" అని అడిగింది. 2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా బ్యాండ్ కచేరీ అంటే కాచిగూడలో రైలెక్కి వెళ్ళాను. గేటు దగ్గర ఎటు చూసినా నల్ల టీషర్టులే. నేనెవరో ఎవరికీ చెప్పుకోనవసరం లేకుండా నిలబడగలిగిన మొదటి చోటు అది.

రెండేళ్ళ క్రితం అమ్మను కొమురవెల్లి మల్లన్న గుడికి తీసుకెళ్ళాను. సంక్రాంతికీ ఉగాదికీ మధ్య ఆదివారాల్లో అక్కడ జాతర ఎలా ఉంటుందో మీకు తెలుసు. మల్లన్న కథ చెప్పే ఒగ్గువాళ్ళు డోళ్ళతో వచ్చారు. మొదటి దెబ్బ నా గుండె మీద ఎక్కడ పడిందో, బెంగళూరులో ఆ డ్రమ్ము కూడా సరిగ్గా అక్కడే పడింది. గాల్లో బండారి పసుపు, కాళ్ళకు గజ్జెలు. నా పక్కనే ఒక ముసలాయన భుజాన గొంగడి, ఒట్టి కాళ్ళు, కళ్ళు మూసుకుని చేతివేళ్ళతో కర్ర మీద దరువు వేస్తున్నాడు. నా ఒంటి మీద నల్ల టీషర్టు ఉంది. ఆయన భుజం మీద నల్ల గొంగడి ఉంది. పదిహేనేళ్ళుగా నేను వెతుక్కున్న నలుపు మా ఇంటి సజ్జ మీదే ఉందని అప్పుడు తెలిసింది.

ఇంటికి రాగానే అమ్మను అడిగాను. పాత చీరలో చుట్టి, వేపాకు వేసి దాచింది. అయినా నాలుగు చోట్ల పురుగు కొట్టింది. ఇప్పుడు ఆదివారాలు డోలు నేర్చుకుంటున్నాను. ఎడమచేతి దెబ్బ ఇంకా సరిగా పడట్లేదు. మెటల్ కూడా వింటూనే ఉన్నాను, మానాలని అనిపించలేదు. ఆ గొంగడిని రోజూ ఒంటి మీద ఉంచుకోవాలని ఉంది. అయితే మెట్రోలో, ఆఫీసులో భుజాన వేసుకుంటే జారిపోతోంది. అందుకే జాకెట్ ఆలోచన. కోయనా, వద్దా?

గుంట మగ్గం (సిద్దిపేట)

తమ్మీ, కోయకు. మీ అమ్మ మాటకు నేతపని లెక్కలో కూడా కారణం ఉంది. అది చేత్తో వడికిన ఉన్ని దారం. పడుగుకు, అంటే నిలువు పోగులకు, చింతగింజల గంజి పెట్టి, కుంచెతో రుద్ది, ఆరబెట్టి నేస్తాం. ఏళ్ళు గడిచేకొద్దీ గంజి పోతుంది, పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని మెత్తబడతాయి. అది మీ తాత భుజం మీద తయారైన మెత్తదనం. కొత్త గొంగడి ఎవరికైనా గుచ్చుకుంటుంది. అలాంటి పాతదాన్ని మధ్యలో కోస్తే అంచు పోగులు ఒక్కొక్కటే ఊడి వస్తాయి. టైలర్ ఎంత మడతపెట్టి కుట్టినా, ఏడాది వాడితే కుట్టు దగ్గర చీలుతుంది.

జాకెట్ కావాలంటే కొత్త బట్ట నేయించుకో. అసలు నేను చెప్పాలనుకున్నది ఇదే. మా నాన్న మగ్గం మీద కూర్చున్నప్పుడు ఉన్ని కోసం వెతకాల్సిన పని ఉండేది కాదు. ఇప్పుడు మంద ఎక్కడ చూసినా మాంసం కోసం నెల్లూరు జాతితో కలిపిన గొర్రెలే, వాటికి ఉన్ని రాదు. మన దక్కనీ నల్ల గొర్రెలు ఉన్నచోట కూడా ఉన్ని కొనేవాళ్ళు లేక, కత్తిరించి పారేస్తున్నారు. కత్తిరించినందుకు కాపరే ఎదురు కూలి ఇస్తున్నాడు. నువ్వు ఒక్క గజం నేయించుకున్నా ఒక కాపరి ఉన్ని అమ్ముడుపోతుంది.

పురుగు కొట్టిన చోట అదే ఉన్నితో రఫ్ఫు చేయించు, మిల్లు దారం వాడనివ్వకు. వేడినీళ్ళు, వాషింగ్ మెషిన్ అస్సలు వద్దు. నెలకోసారి ఎండలో వేసి దులుపు.

పాత లెక్చరర్ (హైదరాబాద్)

బాబూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. 1990 ఫిబ్రవరిలో నిజాం కాలేజీ గ్రౌండ్స్‌లో గద్దర్ సభకు నేనూ వెళ్ళాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. నేల కనిపించనంత జనం. గద్దర్‌ది మోకాళ్ళ పైకి కట్టిన ధోవతి, భుజాన గొంగడి, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కర్ర. అప్పటిదాకా గొంగడి అంటే నాకు మా ఊరి పొలాల్లో మంద వెనక కనిపించే మనిషే. అదే గుడ్డను పాట పాడే మనిషి భుజాన చూశాక వేరేగా కనిపించింది. ఆయన ఎగిరినప్పుడల్లా అది కూడా ఎగిరేది.

ఆ తర్వాత మా యూనివర్సిటీలో ఇద్దరు ముగ్గురు అబ్బాయిలు గొంగళ్ళు వేసుకోవడం మొదలుపెట్టారు. ఒకతను ఏడాదిలో మానేశాడు. ఇంకొకతను ఇప్పటికీ చలికాలం వేసుకుంటాడు. తేడా ఏమిటంటే, మానేసినతను పాటలు నేర్చుకోలేదు. నేను గొంగడి వేసుకోలేదు కానీ, ఆ సభ తర్వాత పాలిస్టర్ చీరలు వదిలి నారాయణపేట నూలు చీరలకు మారాను. ముప్పై ఏళ్ళు దాటింది, ఇంకా అవే కడుతున్నాను. ఒక పాట నా బీరువాను మార్చింది అంటే మా అమ్మాయి నమ్మదు.

మీ జనగామ వైపే కదా చుక్క సత్తయ్య గారిది. 2017లో పోయారు. ఆయన ఒగ్గు కథ ఒక్కసారి ఎదురుగా కూర్చుని విన్నాను. నువ్వు డోలు నేర్చుకుంటున్నావని చదివి సంతోషం వేసింది. ఎడమచేతి దెబ్బ పడుతుంది, ఆదివారాలు మానకు.

సూర్యాపేట దర్జీ

నేను ముప్పై ఏళ్ళుగా మిషన్ మీద ఉన్నాను. కోస్తే పాణం పోతుందనే మాట నేను ఒప్పుకోను. బట్ట సజ్జ మీద ఉంటేనే పోతుంది, ఆ నాలుగు చిల్లులు అక్కడ పడినవే కదా. కానీ ఈ గొంగడి విషయంలో మాత్రం సిద్దిపేట అన్న చెప్పిందే నిజం, పాత ఉన్ని కుట్టును పట్టుకోదు.

మా పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతర రెండేళ్ళకోసారి దురాజ్‌పల్లిలో జరుగుతుంది. యాదవులు వేసుకునే గజ్జెల లాగులు నేను కుడతాను. వాటికి వరసలు వరసలుగా గజ్జెలు కట్టాలి. గుడ్డ పలచగా ఉంటే ఆ బరువుకే చినిగిపోతుంది. గజ్జెల మధ్య దూరం సరిగా లేకపోతే అడుగు వేసినప్పుడు మోత కలిసిపోతుంది, దరువు తెలియదు. అందుకే కుట్టేటప్పుడు వేసుకునే మనిషిని దుకాణంలోనే నాలుగు అడుగులు వేయమంటాను. విని, మళ్ళీ సరిచేస్తాను. భేరీ మోగుతూ "ఓ లింగా" అని జనం గుట్ట ఎక్కుతుంటే, నేను కుట్టిన లాగు ఏదో చెవితోనే గుర్తుపడతాను. బట్ట వేరు, వాయిద్యం వేరు అని నేనెప్పుడూ అనుకోలేదు.

నీకు పని చెప్తాను. తాత గొంగడిని కోయకుండా, కొప్పెర మడత లాగే ఒక మూల భుజం మీదికి తెచ్చి, అక్కడ ఒక పెద్ద కొమ్ము బొత్తం పెట్టు. గొంగడికి చిల్లు వేయకు, నూలుతాడుతో ఉచ్చు చేసి బొత్తానికి తగిలించు. మెట్రోలో జారదు. జాకెట్‌కు కొత్త బట్ట నేయించుకుంటే లోపల నూలు లైనింగ్ తప్పనిసరి, లేకపోతే మెడ దగ్గర దద్దుర్లు వస్తాయి. 18 నంబర్ సూది, పెద్ద కుట్టు. అంచులన్నీ ముందే పట్టీతో కట్టేసి ఆ తర్వాతే కలపాలి. మీ టైలర్‌కి ఈ మాట చెప్పు.

కంబళి (అనంతపురం, బెంగళూరులో ఉంటున్నాను)

మా అనంతపురం వైపు దీన్ని కంబళి అంటాం. ఇక్కడ బెంగళూరులో డొళ్ళు కుణిత చూసినప్పుడు నాకూ మీలాగే అయింది, అన్నా. కన్నడ కురుబలు బీరప్ప కోసం అంత పెద్ద డోలు మెడకు కట్టుకుని తిరుగుతూ వాయిస్తారు. మా తాతల దేవుడూ బీరప్పే. భాష వేరైనా దెబ్బ ఒకటే.

ఒక సందేహం. మా ఆయనది వేరే కులం. ఆయనకు మా నాన్న కంబళి చాలా ఇష్టం, వేసుకోవాలని ఉంది. మనవాళ్ళు ఏమైనా అనుకుంటారేమోనని వెనకాడుతున్నాడు. తప్పా?

గుంట మగ్గం (సిద్దిపేట)

తప్పేముంది చెల్లే. మా నాన్న నేసిన గొంగళ్ళు అన్ని కులాల రైతులూ కొన్నారు, పొలం కాపలాకు అదే కదా కప్పుకునేది. కొనేవాళ్ళు మా కులంలోనే ఉండాలనుకుంటే మగ్గం ఎప్పుడో ఆగిపోయేది. బావగారిని వేసుకోమను. ఎవరు నేశారు, ఏ ఊరి ఉన్ని అని ఎవరైనా అడిగితే చెప్పగలిగితే చాలు. ఫోటో కోసం ఒక్కరోజు వేసుకుని పక్కన పడేసేవాళ్ళను చూస్తేనే నాకు కోపం.

నల్లగొంగడి

అందరికీ చాలా థాంక్స్. కోయడం లేదు. అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అన్నం తిన్నవా?" అంది.

దర్జీ అన్న చెప్పినట్టు కొమ్ము బొత్తం, నూలుతాడు పెట్టి నిన్న వేసుకుని చూశాను. డోలు నేర్పే చోటికి అలాగే వెళ్ళాను. జారలేదు. ఒక కొత్త సంగతి తెలిసింది. డోలు తాడు భుజానికి కోసుకునేది, గొంగడి మడత మీద వేస్తే కోసుకోవడం లేదు. మా గురువుగారు చూసి "అందుకే కదరా అది అక్కడుండేది" అన్నారు.

లెక్చరర్ మేడమ్, మీ మాట మా గురువుగారికి చదివి వినిపించాను. సత్తయ్య గారి పేరు వినగానే డోలు పక్కన పెట్టి దండం పెట్టుకున్నారు.

సిద్దిపేట అన్నా, వచ్చే ఆదివారం గొంగడి తీసుకుని మీ దగ్గరికే వస్తాను. నాలుగు చిల్లులూ మీరే రఫ్ఫు చేయాలి. జాకెట్‌కు ఎన్ని గజాలు పడుతుందో, ఉన్ని ఎప్పటికి దొరుకుతుందో చెప్పండి. నల్ల గొర్రె ఉన్నే కావాలి, రంగు వేసింది వద్దు. ఆలస్యమైనా ఫరవాలేదు, వచ్చే సంక్రాంతి దాకా ఆగుతాను.