ఘాటు నషాళానికే ఎందుకు అంటుతుంది?

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం): పనసపొట్టు ఆవ పెట్టిన కూర తింటూ మా ఇంట్లో పెద్దవారు "ఘాటు నషాళానికి అంటింది" అన్నారు. నషాళం అంటే నడినెత్తి అని తెలుసు. నోట్లో పెట్టుకున్న ముద్ద నడినెత్తిని తాకడం అతిశయోక్తి కాదా? "మెదడుకెక్కింది" అని రాస్తే మరింత సరిగా ఉంటుందేమో, పెద్దలు చెప్పగలరు.

సమాధానం: ఈ నగరంలోనే వైద్య విద్యార్థులకు చాలాకాలం శరీర నిర్మాణ శాస్త్రం బోధించినవాణ్ణి కాబట్టి, ఈ మాటను నేను రెండు వైపుల నుంచీ చూస్తాను. దీనిని మార్చవద్దని నా మనవి. ఏ స్పర్శ అయినా, ఏ నొప్పి అయినా చేరేది మెదడుకే గానీ అది మెదడులో ఉన్నట్టు మనకు తోచదు. వేలు తెగితే వేలే నొప్పి పుడుతుంది. అందువల్ల "మెదడుకెక్కింది" అంటే ఘాటు వెళ్ళిన చోటు చెప్పినట్టు అవుతుంది, "నషాళానికి అంటింది" అంటే అది తెలిసిన చోటు చెప్పినట్టు అవుతుంది. తిన్నవాడు చెప్పవలసింది రెండవదే.

ముందుగా ఆ ఘాటు సంగతి చూద్దాం. ఎండు ఆవగింజలో ఘాటు ఉండదు. దానిని నీళ్ళు చిలకరించి నూరినప్పుడు, గింజలో వేర్వేరు అరల్లో ఉన్న రెండు పదార్థాలు కలిసి, ఒక ఎంజైము పనిచేసి, ఆలైల్ ఐసోథయోసయనేట్ అనే ఘాటైన నూనె పుడుతుంది. అది ఇట్టే ఆవిరయ్యే గుణం గలది. కనుకనే మన ఉత్తరాంధ్ర ఇళ్ళలో కూరను పొయ్యి మీద నుంచి దించిన తరువాతనే ఆవముద్ద కలుపుతారు. మరుగుతున్న కూరలో వేస్తే ఘాటు గాలిలో కలిసిపోతుంది. ముద్ద నమిలేటప్పుడు ఆ ఆవిరి అంగిలి వెనుక నుంచి ముక్కులోకి ఎగబాకుతుంది. నాలుక ఇంకా రుచి తేల్చుకోకముందే ముక్కు దూలం లోపల చుర్రుమనడం, కళ్ళలో నీళ్ళు తిరగడం, తల ఒక్కసారి వెనక్కి వాల్చి ఊపిరి బిగబట్టడం మనందరికీ అనుభవమే.

ఆ చురుకును పట్టుకునేవి త్రిధార నాడి కొసలు. పుర్రె నుంచి వెలువడే పన్నెండు జతల నాడులలో ఇది ఐదవది. ముఖం మీది స్పర్శ, నొప్పి, వేడి, చలువ దాదాపు అన్నీ దీని ద్వారానే మెదడుకు అందుతాయి. దీనికి మూడు శాఖలు: నుదురు, కన్ను, ముక్కు పైభాగం మొదటి దానివి, బుగ్గ, పై పెదవి, పైపళ్ళు రెండవ దానివి, కింది దవడ, కిందిపళ్ళు, నాలుక ముందుభాగపు స్పర్శ మూడవ దానివి. దవడ మూల దగ్గరి చర్మం మాత్రం మెడ నుంచి వచ్చే నాడులది. మూడు శాఖలూ చెవికి కాస్త ముందు, పుర్రె లోపలి అడుగున ఉండే ఒక నాడీగ్రంథిలో, అంటే నాడీకణాల ముడిలో, కలిసి, అక్కడి నుంచి మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండంలోని పాన్స్ అనే భాగంలోకి ప్రవేశిస్తాయి.

మన పలుకుబడికి సంబంధించిన విశేషమంతా ఆ తరువాతి దారిలో ఉంది. మెత్తని స్పర్శను తెచ్చిన నాడీపోగులు పాన్స్‌లోనే ఆగి, తరువాతి కణాలకు కబురు అందిస్తాయి. నొప్పి, వేడి, ఘాటు తెచ్చిన పోగులు అలా ఆగకుండా, మెదడు కాండపు అడుగుభాగమైన మెడుల్లా గుండా కిందికి దిగి, మెడలోని వెన్నుపాము పైభాగం దాకా వెళ్ళి, అక్కడి కణాలకు కబురు అప్పగిస్తాయి. ఆ కణాల పోగులు రెండవ పక్కకు దాటి, పైకి సాగి, మెదడు నడుమ ఉండే థాలమస్ అనే భాగాన్ని చేరుతాయి. అక్కడి నుంచి మరొక అంచె కణాలు మెదడు పైపొరలో ముఖానికి కేటాయించిన చోటికి అందిస్తాయి. అంటే మనం "ఎక్కింది" అనే ఘాటు నిజానికి ముందు మెడ దాకా దిగి, ఆ తరువాతే ఎక్కుతుంది. కుడి ముక్కుపుటంలోని మంటను ఎక్కువగా ఎడమ మెదడు అందుకుంటుంది.

ఇక నడినెత్తి మాట. త్రిధార నాడి మొదటి శాఖ నుంచి చీలిన ఒక కొమ్మ ముక్కు లోపలి పై భాగానికి వెళ్తుంది; మరొక కొమ్మ కనుబొమ మీదుగా నుదుటిపైకి పాకి, సుమారుగా నడినెత్తి దాకా ఉన్న చర్మానికి స్పర్శజ్ఞానం ఇస్తుంది. నడినెత్తికి వెనుక ఉన్నది మెడ నాడుల పాలు. వేర్వేరు కొమ్మల పోగులు మెదడు కాండంలో ఒకే కణాల మీద వచ్చి చేరినప్పుడు, ఒక చోటి బాధ ఇంకొక చోట ఉన్నట్టు తోచడం వైద్యంలో తెలిసిన విషయమే. రామకృష్ణా బీచ్‌లో ఐస్‌క్రీమ్ ఆత్రంగా మింగితే చల్లదనం తగిలేది అంగిలికి, పీకేది నుదురు. ఆవ ఘాటు నడినెత్తిన తెలియడం కూడా ఈ కోవలోనిదేనని నా అభిప్రాయం. ఆ శాఖ పొలిమేర ఎక్కడ ముగుస్తుందో మన పెద్దలు మాటను అక్కడిదాకానే తీసుకువెళ్ళారు. "నషాళం" బదులు "పెడతల" అని ఎవరూ అనకపోవడం నాకు ఎంతో ముచ్చటగా తోస్తుంది.

మరొక ప్రశ్న (గాజువాక): మాస్టారూ, "కారం నషాళానికి అంటింది" అనడం తప్పా? షడ్రుచులలో కారం కూడా ఉంది గదా, అది రుచి నాడుల పని కాదా?

సమాధానం: తప్పు కాదమ్మా. నాలుక ముందుభాగంలోని రుచిని మోసేది ఏడవ నాడి, వెనుకభాగంలోని రుచిని మోసేది తొమ్మిదవ నాడి. మిరప మంటను నోటి ముందుభాగంలో మోసేది మాత్రం త్రిధార నాడే. పంచదార వేళ్ళకు అంటితే తీపి తెలియదు. మిరపకాయలు తరిగిన చేత్తో కన్ను నులుముకుంటే కన్ను భగ్గుమంటుంది. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్‌కు స్పందించే గ్రాహకం (నాడి కొసల మీద ఉండి కబురు పట్టే ప్రోటీను) వేడికీ స్పందిస్తుందని 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం కనుగొన్నది. 2021లో ఆయనకు నోబెల్ బహుమతి పంచుకునే గౌరవం దక్కింది. తెలుగులో నిప్పుకూ మిరపకాయకూ "మంట" అనే ఒకే మాట ఉండడానికి శరీరంలోనే ఆధారం ఉందన్నమాట. షడ్రుచుల లెక్క భోజనానుభవాన్ని బట్టి చేసినది, నాడులను బట్టి చేసినది కాదు. రెండింటినీ పోటీకి నిలపనక్కరలేదు.

అయితే ఒక తేడా పాటించడం మంచిది. క్యాప్సైసిన్ మామూలుగా ఆవిరి కాదు, అందువల్ల మిరప మంట నోటిలోనే నిలుస్తుంది. ఎండుమిర్చి పోపులో మాడి పొగ లేచినప్పుడే అది ముక్కును, గొంతును పట్టి దగ్గిస్తుంది. కాబట్టి తిన్న కారానికి "నోరు మండింది" అనీ, నూరిన ఆవకూ మాడిన మిర్చి పొగకూ "నషాళానికి అంటింది" అనీ రాస్తే మాటకు బిగువు ఉంటుంది.