“కల చూశాను” తప్పా?

పర్లాకిమిడి నుంచి:
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. మొన్న పొద్దున్నే లేచి, “నాన్నా, రాత్రి ఒక కల చూసేను. మన పెరట్లో డాఫొడిల్ పూలు పూసేయి” అంది. పూల సంగతి వినకుండానే మా అమ్మ అందుకుంది: “కల చూడ్డం ఏటే, కల వస్తాది గానీ!” పిల్ల బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. ఒడియాలో స్వప్న దేఖిబా అంటారు కదా, చూడడమే. ఆ ప్రభావమేనని నేనూ దిద్దబోయి ఆగాను. మరి మనం అనే ‘కల కన్నాను’లో ఆ ‘కను’ ఏమిటి?

బరంపురం నుంచి:
దిద్దకండి మాస్టారూ. కను అంటే చూచు. కన్ను, కనపడు, కనుగొను అన్నీ ఆ ఇంటివే. పాత పద్యాల్లో ‘కనియె’ అంటే చూశాడని. అన్నమయ్య “ఇప్పుడిటు కలగంటి” అని ఎత్తుకుని, పల్లవి పూర్తయ్యేలోపే తిరువేంకటాద్రీశుణ్ణి “గంటి” అంటాడు. కలకీ, దేవుడికీ ఒకటే క్రియ. ఇప్పటి మాటల్లో ఆ చూపు అర్థం అరిగిపోయింది. పిల్లల్ని కనడం, కలలు కనడం మిగిలాయి. దాంతో కల కనడం కూడా ఏదో పురిటి వ్యవహారంలా వినిపిస్తుంది. మీ అమ్మాయి ఒడియా మాట తెచ్చిందో లేదో గానీ, అన్నది పాత తెలుగే.

రాయగడ నుంచి:
పుట్టుక సరే అన్నయ్యా, వాడుక మాటేమిటి? నిద్రలో వచ్చినదాన్ని మా ఇళ్ళలో ఎవరూ ‘కన్నాను’ అనరు. కల వచ్చింది అంటారు. జ్వరం వచ్చింది, ఏడుపు వచ్చింది, కల వచ్చింది. మన చేతిలో లేనివన్నీ మనకి వస్తాయి. కనడం వేరు. కలెక్టర్ కావాలని కలలు కంటాం. పరీక్ష హాల్లో పెన్ను కనపడక టెన్షన్ పడినట్టు కల వస్తుంది. మొదటిది మనం చేసే పని, రెండోది మనకి జరిగేది. ‘చూశాను’ అంటే ఈ తేడా చెరిగిపోతుంది. నా ఓటు మీ అమ్మగారికే.

జయపురం నుంచి:
గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని, పిల్ల నోటి మాటకి తప్పు పడుతున్నారా! పంతులు గారు వింటే మనందరికీ క్లాసు పీకుతారు.

కొరాపుట్ నుంచి:
నాకు వ్యాకరణం రాదు, పూల సంగతి చెప్తాను. డాఫొడిల్‌కి ఉల్లిపాయలాంటి దుంప ఉంటుంది. పూయాలంటే దానికి మూడు నెలలైనా గట్టి చలి తగలాలి. పర్లాకిమిడి చలి దానికి ఏ మూలకీ చాలదు. మాది కొండ మీద ఊరే అయినా నాకూ ఆకులే వచ్చాయి, పువ్వు రాలేదు. ఆ తర్వాతి ఏడాది దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టాను. అదే అరలో యాపిల్స్ ఉండేవి. పండే పళ్ళ నుంచి వచ్చే ఎథిలీన్ వాయువుకి లోపలి మొగ్గ చచ్చిపోతుందట, తర్వాత తెలిసింది. ఇంకోటి, ఉల్లిపాయనుకుని ఎవరైనా కూరలో వేసేరు జాగ్రత్త, అది విషం.
మాట గురించి కూడా ఒక ముక్క. ఇది నార్సిసస్ జాతి, ఉర్దూ వాళ్ళు నర్గిస్ అనేది ఈ జాతి పువ్వునే. ఆ పేరు నీళ్ళలో తన నీడ చూసుకుని మురిసిపోయే కుర్రాడి కథ నుంచి రాలేదనీ, మొద్దుబారడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిందనీ రోమన్ రచయిత ప్లినీ రాశాడు. నార్కోటిక్ కూడా ఆ మాటదే. మగత పేరున్న పువ్వు కలలోకి రావడం నాకైతే ముచ్చటగా ఉంది.

పర్లాకిమిడి నుంచి:
మీరంతా రాశాక పిల్లని మళ్ళీ అడిగాను. డాఫొడిల్ ఎలా ఉందే అని. ఇంగ్లీషు పాఠంలో పద్యం చదివింది తప్ప పువ్వుని ఎన్నడూ చూడలేదు. “పసుపుగా, పెద్దగా ఉన్నాయి నాన్నా. చెట్టుకి ఒక్క ఆకు లేదు” అంది. అది కొండగోగు! మాఘఫాల్గుణాల్లో ఆకులన్నీ రాల్చి పసుపు పూలతో నిలబడేది. మహేంద్రగిరి దారిలో పోయిన నెలే చూపించాను. పేరు పుస్తకంలోది, పువ్వు కొండ మీదది. కాబట్టి అక్కా, మీరన్నట్టు కల వచ్చిందే అనుకున్నా, అందులో పువ్వుని మాత్రం పిల్ల కన్నదే. బరంపురం అన్నయ్య అర్థంలో.

రాయగడ నుంచి:
ఒప్పుకున్నాను. ఇంతకీ ఎప్పుడొచ్చింది కల?

పర్లాకిమిడి నుంచి:
మా అమ్మా అదే అడిగింది. తెల్లారగట్లట. తెల్లవారుజాము కల నిజమవుతుందని ఆవిడ నమ్మకం. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్ర తెల్లవారేకొద్దీ పెరుగుతుంది, ఆ వేళవే గుర్తుంటాయి అంతే అని నేనంటే వినదు. కొరాపుట్ వారూ, దుంపలు ఎక్కడ తెప్పించారో కాస్త చెప్పండి, పెరట్లో గొయ్యి తవ్వించేసింది.

కొరాపుట్ నుంచి:
చెప్తాను. ముందు ఫ్రిజ్‌లో యాపిల్స్ తీసేయమనండి.