3 నెలలకు బీసీఆర్-ఏబీఎల్ 14%: ఇమాటినిబ్ పనిచేయనట్టేనా?

చిత్తూరు_మందులషాపు:
సీఎంఎల్ (ఒక రకం రక్త క్యాన్సర్) పేషెంటు, దానికి వాడే ఇమాటినిబ్ 400 మి.గ్రా. రోజుకొకటి. తెల్లకణాల కౌంటు నార్మల్‌కి వచ్చేసింది, కానీ 3 నెలల పీసీఆర్ (ఆ క్యాన్సర్‌కు కారణమైన బీసీఆర్-ఏబీఎల్ జన్యువు రక్తంలో ఎంత మిగిలిందో చూసే పరీక్ష) 14%. ఇంట్లోవాళ్ళు కంపెనీ మార్చి చూద్దామా అంటున్నారు. శనివారం ఒక్కపొద్దు, పరగడుపున వేసుకుంటే వాంతి అవుతోందని ఆ రోజు మాత్ర మానేస్తారంట. దానివల్లే అయ్యుంటుందా?

రక్తకణం:
అనుమానించాల్సింది ముందు దాన్నే. వారానికొకటి మానితే 86 శాతమే వేసుకున్నట్టు లెక్క. లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రి వాళ్ళు 2010లో ప్రచురించిన అధ్యయనంలో 90 శాతానికి మించి మాత్రలు వేసుకున్నవాళ్ళకు ఆరేళ్ళలో మేజర్ మాలిక్యులర్ రెస్పాన్స్ (పీసీఆర్ 0.1% లోపు) వచ్చే అవకాశం 94%. అంతకంటే తక్కువ వేసుకున్నవాళ్ళకు 28%.

ఒక్కపొద్దు మానమని చెప్పొద్దు, చెప్పినా వినరు. ఆ రోజు తినే ఆ ఒక్కపూట భోజనం మధ్యలోనే, పెద్ద గ్లాసు నీళ్ళతో వేసుకోమనండి. మింగలేకపోతే 400 మాత్రను 200 మి.లీ. నీళ్ళలో కలిపి, కరగ్గానే తాగాలి. వాంతయితే మళ్ళీ ఇంకోటి వేసుకోకూడదు, మరుసటి రోజుది మామూలుగా వేసుకోవాలి.

3 నెలలకు 10% దాటడం హెచ్చరిక మాత్రమే. 1-3 నెలల్లో మళ్ళీ చేసినా 10% పైనే ఉంటే అప్పుడు ఫెయిల్యూర్ అంటారు. కంపెనీ మార్చి లాభం లేదు, అన్నిట్లోనూ ఉండేది అదే మందు.

పీసీఆర్_బెంచి:
రిపోర్టులో 14% పక్కన 'ఐఎస్' (అంతర్జాతీయ కొలమానం) అని ఉందా? లేకపోతే అది ఆ ల్యాబు సొంత నిష్పత్తి, 10% గీతతో పోల్చడానికి పనికిరాదు. ఏబీఎల్ (పోలికకు లెక్కపెట్టే మామూలు జన్యువు) కాపీలు కూడా చూడండి, 10,000 లోపుంటే శాంపిలే బలహీనం. రక్తం ఊదా మూత ఈడీటీఏ ట్యూబులోనే తీయాలి, హెపారిన్ అయితే పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. ఆర్‌ఎన్‌ఏ త్వరగా చెడిపోతుంది కాబట్టి వీలైతే ఒక రోజులో ల్యాబుకు చేరాలి. మే నెల ఎండలో బస్సు పార్సిల్లో వేసి తిరుపతికి పంపే పని పెట్టుకోవద్దు. రెండోసారీ అదే ల్యాబులో చేయించండి.

రక్తకణం:
ఇంకోటి మర్చిపోయాను. మిగతా మందుల చీటీలన్నీ తెప్పించండి. టీబీకి రిఫాంపిసిన్ గానీ, ఫిట్స్‌కి ఫెనిటాయిన్, కార్బమజెపిన్ గానీ ఉంటే సీవైపీ3ఏ4 ఎంజైమ్ పెరిగి ఇమాటినిబ్‌ను వేగంగా విరిచేస్తుంది. రిఫాంపిసిన్‌తో ఒంట్లో మందు సుమారు నాలుగోవంతుకు పడిపోతుంది. పంపరపనస దీనికి తలకిందులు, ఒంట్లో మందును పెంచేస్తుంది. అదీ వద్దు.

ఇవేవీ లేకుండా రెండోసారీ 10% దాటితే అప్పుడు మ్యుటేషన్ టెస్టు (బీసీఆర్-ఏబీఎల్‌లో మార్పులు వెతికేది). టీ315ఐ అనే మార్పు ఉంటే ఇమాటినిబ్, అదే జబ్బుకు వాడే డాసాటినిబ్, నిలోటినిబ్ మూడూ దండగే: బీసీఆర్-ఏబీఎల్ ప్రొటీన్‌లో 315వ స్థానంలో థ్రియోనిన్ పోయి ఐసోల్యూసిన్ వచ్చి కూర్చుంటుంది, మందు పట్టుకునే హైడ్రోజన్ బంధం తెగిపోతుంది, పైగా దారికి అడ్డం. దానికి పొనాటినిబ్ గానీ, ఆ ప్రొటీన్‌లోనే ఇంకో జేబులో అతుక్కునే అసిమినిబ్ గానీ కావాలి.

చిత్తూరు_మందులషాపు:
చీటీలో ప్యాంటప్రజోల్ ఒక్కటే ఉంది సార్.

రక్తకణం:
ఇమాటినిబ్‌కు అది అడ్డు కాదు. రేపు డాక్టరు డాసాటినిబ్ రాస్తే మాత్రం ప్యాంటప్రజోల్ సంగతి ఆయనకు గుర్తుచేయండి, అది ఆమ్లాన్ని తగ్గిస్తుంది, కడుపులో ఆమ్లం లేకపోతే డాసాటినిబ్ సరిగ్గా ఒంటికెక్కదు. నిలోటినిబ్ రాస్తే భోజనం లెక్క పూర్తిగా తిరగబడుతుంది: తిన్నాక 2 గంటలు ఆగి వేసుకోవాలి, వేసుకున్నాక గంట దాకా ఏమీ తినకూడదు.