నాటకం ఫొటోల్లో మొహాలు తెల్లగా మాడిపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: నల్గొండలో మా కాలనీవాళ్లు పౌరాణిక నాటకం వేస్తున్నారు, ఫొటోల పని నాకిచ్చారు. వెనక తెర నలుపు కావడంతో మొహాలు తెల్లగా మాడిపోతున్నాయి, చేతులు కదిలితే మసక. 50 ఎంఎం 1.8 లెన్స్ ఉంది. ఫ్లాష్ వాడొచ్చా?

జవాబు 1: ఫ్లాష్ అస్సలొద్దు తమ్ముడూ, పద్యం అందుకున్న మనిషి కళ్లలో కొడితే ఆయన ధ్యాసే చెదిరిపోతుంది. మ్యాన్యువల్‌లో ఎఫ్ 2 (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె), షట్టర్ 1/200 సెకను, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 3200తో మొదలుపెట్టి, స్పాట్ మీటరింగ్ (ఒక్క చిన్న చోటు వెలుతురునే కొలిచే పద్ధతి) మొహం మీద పెట్టు. రా ఫైల్ (తర్వాత సరిదిద్దుకోవడానికి వీలైన, కెమెరా మార్పులు చేయని ఫైల్) తియ్యి.

జవాబు 2: ఎల్ఈడీ లైట్లకు చారలు పడితే షట్టర్ 1/100కి దించి చూడండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, దానివల్ల లైట్లు సెకనుకు వందసార్లు మినుకుతాయి.

జవాబు 3: రాగం తీస్తున్నప్పుడు కాదు, చివరి పాదం ముగిసి చెయ్యి పైకి లేచి ఆగుతుంది చూడు, అప్పుడు నొక్కు. పద్యాలు ముందే చదువుకుంటే ఆ చోటు తెలుస్తుంది. హార్మోనియం వాయించే ఆయన్నీ తియ్యి, ఆయన ఫొటో ఎవరూ తీయరు.