టోక్యో నుంచి ఢిల్లీ వచ్చే పగటి విమానంలో హిమాలయాలు చూడాలంటే ఏ వరుస?

మాది పర్లాకిమిడి. డిసెంబరులో నాన్నగారిని టోక్యోలోని తమ్ముడి దగ్గర్నుంచి ఇంటికి తీసుకొస్తున్నాను. విమానం బోయింగ్ 787-8, ఎకానమీ. అక్కడ ఉదయం 11:30కి బయల్దేరి, మన టైం ప్రకారం సాయంత్రం 6 గంటలకు ఢిల్లీ చేరుతుంది. పడమటికి వస్తాం కాబట్టి కొండలు కుడివైపే ఉంటాయి. అంతవరకు తేల్చుకున్నాను.

వరుస దగ్గరే రెండుసార్లు దెబ్బతిన్నాను. భువనేశ్వర్ నుంచి ఢిల్లీ వెళ్లేటప్పుడు అదనంగా డబ్బు కట్టి కిటికీ సీటు తీసుకుంటే పక్కన కిటికీయే లేదు, ఉత్త గోడ! తిరుగు ప్రయాణంలో సీటు సరిగ్గా రెక్క మీద పడింది, కింద ఏమీ కనిపించలేదు. సీట్ మ్యాప్‌లో రెక్క ఎక్కడిదాకా ఉందో తెలుస్తోంది గానీ సీటు పక్కన కిటికీ ఉందో లేదో తెలియట్లేదు. కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తే "విండో సీటే సార్" అంటున్నారు, అంతే. రెక్కకు మరీ దగ్గరగా వెనక కూర్చుంటే ఇంజిన్ వేడిగాలికి దృశ్యం అలలాడుతుందన్నది ఇంకో టెన్షన్.

నాన్నగారు 1,501 మీటర్ల మహేంద్రగిరిని మించిన కొండ చూడలేదు. 8,586 మీటర్ల కాంచన్‌జంగను ఆయనకు చూపించాలని నా ఆశ.

787-8లో కుడివైపు కూర్చుని వచ్చినవాళ్లు చెప్పండి: రెక్క దాటాక ఎన్ని వరుసలు వెనక్కి వెళ్తే కొండలు అడ్డం లేకుండా కనిపిస్తాయి?