గద్ద వచ్చి పోయిన ప్రతిసారీ తేనెటీగలు పిచ్చెక్కినట్టు కుడుతున్నాయి, దాన్ని రాకుండా ఎలా ఆపాలి?

పెట్టెలవాడు:
పొద్దున్నుంచీ ఇదే పని, తల పగిలిపోతోంది, ఎక్కడ వెతికినా గద్దల ఫోటోలు తప్ప పనికొచ్చే మాట ఒక్కటీ దొరకలేదు. మాకు తేనె పెట్టెలున్నాయి, ఒక పెద్ద గద్ద వస్తోంది, అది వచ్చి వెళ్ళాక ఈగలు మమ్మల్ని అటువైపే పోనివ్వట్లేదు, పొగ పెట్టినా లొంగట్లేదు, ఎక్కడో దూరంగా నడుస్తున్నవాళ్ళని కూడా తరిమి తరిమి కుడుతున్నాయి. డబ్బాలు మోగించాం, మెరిసే రిబ్బన్లు కట్టాం, పెట్టెల మీద వల కూడా కప్పాం. అయినా వస్తూనే ఉంది. దీన్ని శాశ్వతంగా వదిలించుకునే మార్గం ఎవరికైనా తెలిస్తే చెప్పండి ప్లీజ్.

ఆకుపచ్చరెక్క:
అది గద్ద అయ్యుండదండీ, పసిరిక పిట్ట అయ్యుంటుంది. తేనెటీగల్ని తినడంలో దాన్ని మించింది లేదు. ఎగిరే ఈగని గాల్లోనే ముక్కుతో పట్టేసి, కొమ్మ మీదకొచ్చి తలని కొమ్మకేసి బాది, తర్వాత తోకవైపు పట్టుకుని కొమ్మకేసి రుద్దుతుంది, అలా ముల్లూ విషం పోయాకే మింగుతుంది. తోకలోంచి సన్నటి ఈకలు తీగల్లా బయటికి వచ్చి ఉంటాయి చూడండి. మగ ఈగల జోలికీ రాణి జోలికీ కూడా పోతాయి, కొత్త రాణి జత కట్టడానికి ఎగిరే రోజుల్లో అయితే మరీ జాగ్రత్తగా ఉండాలి.

పెట్టెలవాడు:
పసిరిక పిట్ట నాకు తెలుసండీ బాబూ. ఇది రెక్కలు చాపితే బారెడు ఉంది. గద్దే.

ఒక్కమాట:
పెట్టె మూత తీసిందా? చుట్టుపక్కల చెట్టు మీద తేనెపట్టు ఏమైనా ఉందా?

రెక్కలలెక్క:
బారెడు రెక్కలు, తేనెటీగల దగ్గరికి వస్తోంది అంటే అది తేనె గద్ద, సందేహం లేదు. దయచేసి దాన్ని మామూలు గద్దతో కలపకండి, చాలామంది చేసే పొరపాటు ఇదే. శాస్త్రీయంగా పెర్నిస్ అనే ప్రజాతి, మన ఆసియా దాన్ని 1821లో డచ్ శాస్త్రవేత్త టెమింక్ వర్ణించాడు, యూరప్‌ది 1758లోనే స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పేరు పెట్టింది. తల చిన్నగా, మెడ పొడుగ్గా అచ్చం పావురానికి ఉన్నట్టు ఉంటుంది. కళ్ళ ముందు, ముక్కు మొదట్లో మిగతా గద్దలకి పలచటి నూగు ఉండేచోట దీనికి పొలుసుల్లాంటి చిన్న చిన్న ఈకలు దట్టంగా పేర్చినట్టు ఉంటాయి, ముల్లు దిగకుండా అదే కవచం. ముక్కు రంధ్రాలు సన్నటి చీలికల్లా ఉంటాయి. కాలిగోళ్ళు మరీ వంపు తిరగవు, యూరప్‌లో ఉండేది ఆ గోళ్ళతోనే నేల తవ్వి కందిరీగల గూళ్ళు బయటికి లాగుతుంది. పేరులో తేనె ఉంది గానీ దానికి ముఖ్యంగా కావాల్సింది తేనె కాదు, గదుల్లో ఉండే పిల్ల పురుగులూ, అవి ఈగలుగా మారే ముందు దశలో ఉండే ప్యూపాలూ. పట్టు ముక్క ఒకటి కాలి కింద తొక్కిపెట్టి ఒక్కో గదిలోంచి ఒక్కో పురుగునీ ఏరుకుంటూ తింటుంటే ఎంత ఓపికో!

మీరు రెక్క కొనల ఫోటో పెట్టగలరా? కొనలో విడిగా కనపడే ఈకలు ఆసియా దానికి ఆరు, యూరప్ దానికి ఐదు. ఆసియా దానిలో ఎదిగినవాటికి కన్ను పసుపుగా ఉంటే ఆడది, ముదురు రంగైతే మగది.

నిక్కచ్చి:
చిన్న అభ్యంతరం. కదలని పురుగుల్ని ఏరుకుని తినేదాన్ని వేటాడే పక్షి అనొచ్చా? ఎక్కడ చూసినా అలాగే రాస్తున్నారు. వేట అంటే ప్రాణమున్నదాన్ని వెంటాడి పట్టాలి కదా.

రెక్కలలెక్క:
అనొచ్చు. వంశం డేగలూ గద్దలదే, ముక్కూ గోళ్ళూ వాటివే. పైగా పట్టులు దొరకని రోజుల్లో కప్పల్నీ బల్లుల్నీ చిన్న పక్షుల్నీ కూడా పడుతుంది. తిండిని బట్టి పేరు పెడితే శవాలు తినే రాబందుల్ని ఎక్కడ పెడతారు?

నిక్కచ్చి:
రాబందుల్ని నేను ఎప్పుడూ వేటాడే పక్షులనలేదు. వంశం వేరు, అలవాటు వేరు. రెండిటికీ ఒకే మాట వాడితే కొత్తగా చదివేవాళ్ళు తికమకపడతారు.

ఒక్కమాట:
నేనడిగినదానికి జవాబు రాలేదు.

పెట్టెలవాడు:
మూతలు తీయలేదు, పెట్టెలకేమీ కాలేదు. పట్టు అంటే పైన చెట్టుకి ఒక పెద్దది వేలాడుతోంది, కొండ తేనెటీగలది, అది మాది కాదు, దాని గురించి నేను అడగలేదు. ఇప్పుడు కింద సగం విరిగిపోయి ఉంది.

కొండగాలి:
అన్నా, మీ సమస్య మొత్తం ఆ పట్టులోనే ఉంది. మిమ్మల్ని కుడుతున్నవి పెట్టెల్లో ఈగలు కావు, పైన ఉన్నవి. కొండ ఈగలు కాస్త పెద్దగా, పొడుగ్గా ఉంటాయి, చచ్చిపడినదాన్ని మీ పెట్టె ఈగ పక్కన పెట్టి చూడండి, అర్థమైపోతుంది.

జరుగుతున్నది ఇదీ. వాటి పట్టు ఒకే ఒక్క పలక, గోడా మూతా లేకుండా బయటికే వేలాడుతుంది, ఈగలే దానిమీద తెరలా కప్పుకుని ఉంటాయి. కందిరీగ వస్తే పొట్టలు వరసగా ఎత్తి అల పాకినట్టు మెరిపించి బెదిరిస్తాయి. గద్ద వస్తే అలా కాదు, మూకుమ్మడిగా లేచి తరుముతాయి. గద్ద వేగంగా వచ్చి కాళ్ళతో పట్టుని చీల్చి ముక్క ఎత్తుకుని పోతుంది, దానికి ఈకల కవచం ఉంది, ఎగిరిపోతుంది. కింద మిగిలేది మనిషి. ఒక్క ఈగ కుడితే వదిలే వాసన, మగ్గిన అరటిపండు వాసనలా ఉంటుంది, మిగతావాటికి అదే పిలుపు. అందుకే పెట్టె దగ్గర పొగ పెట్టినా లొంగట్లేదు, ఆ పొగ పైనున్నవాటికి అందదు.

కాబట్టి రేపే చేయాల్సింది, ఆ చెట్టు కిందకి ఎవర్నీ, ముఖ్యంగా పిల్లల్నీ పశువుల్నీ పోనివ్వకండి. గద్ద వచ్చి వెళ్ళిన రోజు పెట్టెలు తెరవకండి. తరిమితే చేతులు ఊపుతూ నిలబడకుండా ముఖం కప్పుకుని గదిలోకి పరిగెత్తి తలుపేసుకోండి, నీళ్ళలోకి దూకొద్దు, పైనే కాచుకుని ఉంటాయి. ముల్లు గోరుతో అయినా సరే వెంటనే లాగేయండి. ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, ఊపిరాడకపోయినా, ఎక్కువ చోట్ల కుట్టినా ఆసుపత్రికి తీసుకుపోండి, ఆలస్యం చెయ్యొద్దు. పట్టు కింద మంట పెట్టడం, మందు కొట్టడం మాత్రం వద్దు. పట్టు అంత దెబ్బతింటే చాలాసార్లు ఈగలే వదిలేసి పోతాయి, అప్పుడు గద్దకీ అక్కడ పనుండదు.

ఇంకోటి, పెట్టెల్లో ఫ్రేములు శుభ్రం చేసినప్పుడు గీకిన మైనం, మగ ఈగల పిల్ల గదులు ఎక్కడ పారేస్తున్నారు?

పెట్టెలవాడు:
పెట్టెల పక్కనే. అందరూ అలాగే చేస్తారు కదా.

కొండగాలి:
అదీ దానికి విందే. తైవాన్‌లో తేనె గద్దలు తేనె పెట్టెల చోట్లకి వచ్చి పారేసిన పట్టు ముక్కలతో పాటు ఈగలకి పెట్టే పుప్పొడి ముద్దని కూడా తింటాయి. మూసిన పెట్టెని ఏమీ చేయలేదు గానీ బయట తిండి ఉంటే రోజూ వస్తుంది. ముక్కలన్నీ మూతున్న డబ్బాలో వేసి కరిగించెయ్యండి, పుప్పొడి ముద్ద పెట్టె లోపలే పెట్టండి.

ఆకుపచ్చరెక్క:
అన్నిటికంటే తేలిక, పెట్టెల్నే ఆ చెట్టుకి దూరంగా నాలుగడుగులు అటు జరిపెయ్యొచ్చు కదా.

ఒక్కమాట:
అలా జరిపితే మేతకెళ్ళిన ఈగలు పాత చోటికే వస్తాయి.

కొండగాలి:
నిజమే. రోజుకి మూరెడు చొప్పున జరపాలి, లేదంటే ఒకేసారి చాలా దూరం, కొన్ని కిలోమీటర్లు తీసుకుపోవాలి. మధ్యస్థంగా అయితే రాత్రి పెట్టె గేటు, అంటే ఈగలు వచ్చిపోయే సందు, మూసి జరిపి, పొద్దున్నే గేటు ముందు ఆకుల కొమ్మ అడ్డం పెట్టండి, బయటికొచ్చిన ఈగ ఆగి చుట్టూ తిరిగి కొత్త చోటు గుర్తుపెట్టుకుంటుంది. అయినా కొన్ని తప్పిపోతాయి.

గాలివాటం:
ఇంత చేయడం కంటే గద్దనే పట్టేయొచ్చుగా?

రెక్కలలెక్క:
దయచేసి ఆ మాట వద్దు. చాలా దేశాల్లో దానికి చట్టం రక్షణ ఉంది, ఉచ్చు వేస్తే నేరం. పైగా అది ఎక్కడ్నుంచి వచ్చిందో ఆలోచించండి, జపాన్‌లో పిల్లలు పెట్టేవి శరదృతువులో సముద్రం దాటి చైనా మీదుగా ఆగ్నేయాసియా దాకా పోతాయి, వీపుకి ఉపగ్రహ పరికరాలు కట్టి దారంతా గుర్తించారు. యూరప్‌వి జిబ్రాల్టర్, బోస్ఫరస్ జలసంధుల మీదుగా ఆఫ్రికా చేరతాయి. అంత దూరం వచ్చిన పక్షిని పట్టు ముక్క కోసం చంపుతామా?

నిక్కచ్చి:
అన్నీ వలస పోవు. దక్షిణాసియాలో ఏడాది పొడుగునా ఉండేవీ ఉన్నాయి.

రెక్కలలెక్క:
ఉన్నాయి, నేను కాదనలేదు. అందుకే ఫోటో అడుగుతున్నాను. గాల్లో తేలేటప్పుడు రెక్కలు అడ్డంగా చదునుగా పెడుతుందా, పైకెత్తుతుందా అది కూడా చూడండి.

పెట్టెలవాడు:
ముక్కలు తీసేశాం, చెట్టు చుట్టూ తాడు కట్టాం. థాంక్స్ కొండగాలి గారూ. ఫోటో లేదండీ.

రెక్కలలెక్క:
మళ్ళీ వస్తే తోక అడుగువైపు పట్టీలైనా తీయండి, ఎన్ని ఉన్నాయో, ఎంత వెడల్పో చూస్తే చాలు.